మైకువీరుని కంఠసంగ్రామం

ప్రభాతభానుడు డీజిల్ పొగమబ్బులను చీల్చుకొని బస్టాండు రేకుల కప్పుపై రథాన్ని నిలిపిన వేళ, పెట్టెల రాపిడితోనూ చంటిపిల్లల రోదనతోనూ దిక్కులు పిక్కటిల్లుతుండగా, గళగంభీరుడు, సకలప్రయాణికకర్ణరంజకుడు, జనమంతా మైకు బాబాయి అని పిలుచుకునే అనౌన్సరు, తన ఏకైక ఆయుధం ముందు కొయ్యబారి కూర్చుని ఉన్నాడు.

కారణం, శత్రువు ఆయన మెడలోనే మాటు వేశాడు. కుడివైపు చటుక్కున తిరిగితే చాలు, పుర్రె అడుగున పిడుగు పడుతుంది. మరుక్షణం నాలుకలో కుడి సగం మొద్దుబారి పరాయిదైపోతుంది. మెడలో నరం నొక్కుకుంటే నాలుకకు స్పర్శ పోయే అరుదైన జబ్బని నరాల డాక్టరు తేల్చాడు. ప్లాట్‌ఫారం కనబడే కిటికీయేమో కుడివైపే ఉంది.

నిన్న ఘోరం జరిగింది. అటు చూసి మైకందుకున్న వీరుని నోట ‘బస్సు రాగలదు’ అనవలసింది ‘లాగలదు’ అని వెలువడింది. జనం ‘లాగలేదు’ అని విన్నారు. లాగలేని బస్సు మనకెందుకని మూకుమ్మడిగా ఆటోలెక్కారు.

“మెడ తిప్పితే నాలుక మొద్దుబారడమేంటయ్యా? రేపు చెవి దురదపెడితే మోకాలు పట్టేసిందంటావా?” అని డిపో మేనేజరు గర్జించాడు. “ఇంకోసారి జరిగితే మైకులో రికార్డు పెట్టిస్తా. నువ్వు లగేజీ గదిలో కూర్చుందువు గాని.”

నేడు ఆ మేనేజరే గుమ్మంలో చేతులు కట్టుకొని నిలిచాడు.

“బాబాయ్, బస్సొస్తోంది, చూడు” అని కిటికీ అవతల నుంచి టికెట్లమ్మాయి పిలిచింది.

వీరుడు మెడ తిప్పకుండా ఎదురు గోడనే చూస్తూ కూర్చున్నాడు.

“నా మొహం చూడనని ఒట్టేసుకున్నావా ఏంటి?” అందామె.

“చూడకుండా చెప్తే ఒప్పుకోను. బస్సు మీది బోర్డు చూసే చెప్పు” అన్నాడు మేనేజరు.

అప్పుడా ధీరుడు మనసులోనే తన మెడను సంబోధించాడు: “ఓసి కంఠమా, ఇన్నేళ్లూ నిన్ను ఎవరి ముందూ వంచలేదు. నేడు తిప్పను కూడా తిప్పను. నీవు నిశ్చలంగా నిలిచి చూడు, ఈ భూమండలమే తిరుగుతుంది.”

భూమండలమనగా ఆయన కింది కుర్చీ. అది ఒకనాటి తిరుగుడు కుర్చీయే గాని, తుప్పు పట్టి తిరగడం మరచి చాలాకాలమైంది. వీరుడు పాదాలు నేలకు తన్నిపట్టి, బల్ల అంచును ఒక చేత్తో బిగించి పట్టుకొని, సర్వశక్తులూ ఒడ్డి తోశాడు. పాలసముద్రంలో మందరగిరి కదిలినట్లు కుర్చీ కిర్రుమంది, మూలిగింది, ఇసుమంత జరిగింది.

“ఏం చేస్తున్నావయ్యా?”

“తిరుగుతున్నా సార్. మొత్తంగా.”

మళ్లీ తోశాడు. తల, మెడ, భుజాలు, నడుము, చేతిలోని మైకు, దాని వైరు ఏకశిలావిగ్రహంలా కుడివైపు మళ్లాయి. కిటికీ ఎదురైంది. బోర్డు కనబడింది. పిడుగు పడలేదు. నాలుక నిండుగా ఆయనదే అయి ఉంది.

“కొండ మీది ఊరికి వెళ్లు బస్సు మరికొద్ది క్షణాల్లో రాగలదు.”

జనం సామాన్లెత్తుకొని ఎగబడ్డారు.

“బానే ఉంది. ఆ కుర్చీకి కాస్త నూనె వెయ్యి, చెవులు చిల్లులు పడుతున్నాయ్” అని మేనేజరు వెనుదిరిగాడు.

విను లోకమా, ఆ సమరంలో కోటలు కూలలేదు, కిరీటాలు దొర్లలేదు. మైకువీరుడు జయించి తెచ్చుకున్నది ఒకే ఒక్క రేఫ, ‘రాగలదు’లోని ర. దాన్ని నమ్ముకొని బస్సెడు జనం కొండెక్కారు.