పిడి లేని కారు

ఆ ఆదివారం పొద్దున కాజ్మీర్ వ్రోనా వేసుకున్న ఏర్పాట్లలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకి ప్రదర్శనశాలకి వెళ్ళాలి. పావుగంటలో పని ముగించుకోవాలి. పదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి. పన్నెండు గంటలకి చర్చిలో కొడుక్కి జ్ఞానస్నానం. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, ఇక వీళ్ళకి పిల్లలు పుట్టరని వీధి వీధంతా తేల్చేశాక పుట్టిన కొడుకు.

"ఆదివారం కూడా ఆ కారేనా? ఆ మాయదారి కారుకి సెలవుండదా?" అంది బ్రోనియా, క్యాబేజీ ఆకుల్లో మాంసం పెట్టి చుట్టలు చుడుతూ. మధ్యాహ్నం ముప్ఫై మంది భోజనానికి వస్తున్నారు.

"మూత మీద లోపలివైపు ఎవరిదో వేలిముద్ర పడిందట. హేల్ గారు ఫోన్ చేశారు. ఇలా తుడిచి అలా వచ్చేస్తా."

"వేలిముద్ర తుడవడానికి నువ్వే వెళ్ళాలా? డెట్రాయిట్ మొత్తం మీద గుడ్డ పట్టుకునే చెయ్యి ఇంకోటి లేదా?"

"పదిన్నరకి రాకపోతే చెప్పు తీసుకుని కొట్టు, సరేనా?"

"ఈ మాట గుర్తుపెట్టుకుంటా," అంది బ్రోనియా.

ముందు గదిలో ఇగ్నాసీ బుర్జిక్ గారు నల్లసూటులో, కాళ్ళ దగ్గర పెట్టెతో అప్పటికే వచ్చి కూర్చున్నారు. జ్ఞానస్నానమప్పుడు పిల్లవాణ్ణి చేతుల్లో పట్టుకునే జ్ఞానతండ్రి ఆయనే. కాజ్మీర్ పనిచేసే కంపెనీ డిజైన్ స్టూడియోలో ముప్ఫయ్యేళ్ళు మట్టితో కార్ల నమూనాలు చేసి, కిందటి నెలే పని మానేశారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర రైలుకి మిల్వాకీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ఇక తిరిగి రారు. అందుకే ఈ ఆదివారం, ఈ పన్నెండు గంటలు. కాజ్మీర్ ఆ సంగతి బాగా ఎరిగినవాడే. కొత్త బూడిదరంగు సూటు కూడా ముందే తొడుక్కుని బయలుదేరాడు.

ఇక కారు సంగతి. పేరు స్టార్‌స్వాన్. పడవంత పొడుగు, వెనకాల రెండు నిలువెత్తు రెక్కలు, పైన యుద్ధవిమానానికి ఉన్నట్టు నున్నటి ప్లాస్టిక్ మూత. ఇరవయ్యేళ్ళ తర్వాత మనుషులు ఎలాంటి కార్లలో తిరుగుతారో జనానికి చూపించడానికి చేశారు. దానికి ఇంజను తప్ప అన్నీ ఉన్నాయి. ముందు పలక మీద ముప్ఫై రెండు బొత్తాలున్నాయి, ముప్ఫై రెండూ కాజ్మీరే బంకతో అంటించాడు. తలుపుల్లేవు. మూత పైకి లేస్తే ఎక్కాలి, లేస్తే దిగాలి. ఆ మూతని లేపేది కరెంటు, దాని మీట బయట స్తంభానికి ఉంది.

మొదట్లో లోపల కూడా ఒక పిడి ఉండేది. అరచేతిలో ఇమిడేంత, తళతళలాడే పిడి. ఇగ్నాసీ గారు వారం రోజులు కూర్చుని సానబెట్టి చేశారు. డిజైన్ స్టూడియో పెద్ద డెల్బర్ట్ హేల్ గారు వచ్చి ఒక కన్ను మూసుకుని చూసి, "లైను చెడిపోతోంది, తీసెయ్యండి," అన్నారు. ఆయనకి లైనే దేవుడు. భోజనాల బల్ల మీద భార్య ఉప్పు సీసా పెట్టినా లైను చెడిందంటారని స్టూడియోలో చెప్పుకునేవారు. పిడి తీసేశారు.

ప్రదర్శనశాలకి చేరగానే కాజ్మీర్ తెల్ల చేతితొడుగులు వేసుకున్నాడు. అవి లేకుండా ఆ మూతని ముట్టుకోవడానికి ఎవరికీ అనుమతి లేదు. లోపలికి దిగి వేలిముద్ర తుడిచాడు. తుడిచి ఊరుకుంటే ఈ కథ లేదు. కింద, కాళ్ళ దగ్గర, ఇంకో మరక కనిపించింది. పనిమంతుడు కదా, వంగాడు.

సరిగ్గా అప్పుడే మైకులో కారు విశేషాలు చెప్పే మిస్ వెర్నా, కారు నిలబెట్టిన గుండ్రటి వేదిక ఎక్కింది. చేతిలో కాగితం మీద "తొమ్మిదీ యాభైకి మూత వేయవలెను" అని ఉంది. మీట నొక్కింది. మూత ఉస్సురుమని పడింది. కరెంటు పనివాడు వచ్చి, వేదిక తిరిగేటప్పుడు చుట్టుకుంటుందని మూతకి కరెంటు ఇచ్చే తీగ ఊడదీసి, చుట్టచుట్టి, కాఫీకి పోయాడు. వేదిక తిరగడం మొదలైంది. బ్యాండు మేళం అందుకుంది. కాజ్మీర్ తల ఎత్తేసరికి ప్రదర్శనశాల తలుపులు తెరిచారు, ఊరు ఊరంతా లోపలికి తోసుకొచ్చింది.

"మిస్ వెర్నా! ఇదిగో, నేను లోపలున్నా!" అని కేక పెట్టాడు.

వెర్నా చూసింది. కొత్త సూటు, తెల్ల చేతితొడుగులు, చక్కగా దువ్విన తల. కాగితంలో మనిషి ప్రస్తావన లేదు. అయినా తడబడే పిల్ల కాదు.

"రండి బాబూ రండి! రేపటి కారు, రేపటి డ్రైవరు! చూడండి, ఆయన గొంతు చించుకుని అరుస్తున్నాడు. మీకు చీమ చిటుక్కుమన్నట్టయినా వినిపిస్తోందా? వినిపించదు! అంత నిశ్శబ్దం!"

జనం చప్పట్లు కొట్టారు. కాజ్మీర్ పిడికిలితో మూతని బాదాడు.

"బాదుతున్నాడు చూడండి! పగులుతుందా? పగలదు!"

మళ్ళీ చప్పట్లు. ఊపిరికేం ఇబ్బంది లేదు, అడుగున వైర్ల కోసం వదిలిన కన్నాల్లోంచి గాలి బాగానే వస్తోంది. ఇబ్బందల్లా ఎదురుగోడ మీది గడియారంతోనే. వేదిక ఒక చుట్టు తిరగడానికి మూడు నిమిషాలు. చుట్టుకొకసారి ఆ గడియారం ఎదురొస్తుంది. పదీ పది. పదీ పదమూడు. పదీ పదహారు. అంటించినవాడు తనే అయినా, ప్రాణం ఆగక బొత్తాలన్నీ వరసగా నొక్కాడు. ముప్ఫై రెండోది ఊడి చేతికొచ్చింది.

"ఆయన ఇప్పుడు షికాగోలో వాన పడుతోందో లేదో కనుక్కుంటున్నాడు," అంది వెర్నా.

పదకొండింటికి హేల్ గారు కంపెనీ ప్రెసిడెంటు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. మనిషిని చూసి హేల్ గారు కరెంటు పనివాడి కోసం అటూ ఇటూ వెతికారు. అంతలో ప్రెసిడెంటు భుజం తట్టారు.

"శభాష్ హేల్! మనిషిని కూర్చోబెట్టడం భలే ఆలోచనయ్యా. ఎంత సహజంగా ఉన్నాడు!"

"ఏదో సార్, తోచింది," అన్నారు హేల్ గారు.

ఆ ఒక్క మాటతో కాజ్మీర్ బతుకు మరో ముప్పావుగంట బండలైంది. తీగ తగిలించాలంటే వేదిక ఆపాలి. ఆపితే ప్రెసిడెంటు ఎందుకని అడుగుతారు. అడిగితే నిజం చెప్పాలి. హేల్ గారు దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా అరచెయ్యి కిందికి అదుముతూ "కూర్చో, కూర్చో" అని సైగ చేశారు. కాజ్మీర్ గడియారం చూపించాడు. రెండు చేతులూ చేర్చి పసివాణ్ణి ఊపినట్టు ఊపాడు. తొమ్మిదేళ్ళని తొమ్మిది వేళ్ళు చూపించాడు.

"చూశారా!" అంది వెర్నా. "రోడ్డు మీద తొమ్మిది గుంతలున్నా ఊయల్లో ఉన్నంత హాయి అంటున్నాడు!"

కాజ్మీర్‌కి ఇక మనుషుల మీద ఆశ పోయి శిలువ గుర్తు వేసుకున్నాడు. ముందు వరసలో ఒక ముసలావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పోనీలే, రాబోయే రోజుల్లో కూడా దేవుణ్ణి మర్చిపోరన్నమాట," అంది. అప్పుడు పడ్డ చప్పట్లు పొద్దుట్నుంచీ పడలేదు.

పదకొండూ ఇరవై అయింది. అంతవరకూ హేల్ గారిని మనసులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు కాజ్మీర్. తిట్లు అయిపోయాయి. ఇగ్నాసీ గారు గుర్తొచ్చారు. పదిహేడేళ్ళ వయసులో ఇనుము పోత పోసే కార్ఖానాలోంచి మసి మొహంతో వచ్చినవాణ్ణి పక్కన నిలబెట్టుకుని, తన చేతి పనిముట్టే చేతిలో పెట్టారాయన. మొదటి వారంలోనే కాజ్మీర్ నిచ్చెన తగిలించి ఒక మట్టి నమూనా రెక్క రెక్కంతా కూలగొట్టాడు. "నా మోచెయ్యి తగిలిందండీ," అని ఆ చీవాట్లు ఇగ్నాసీ గారు తిన్నారు. సాయంత్రం "రేపు ఎనిమిదింటికి వచ్చెయ్యి," అన్నారంతే, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. కొడుకు పుడితే ఆయన పేరే పెట్టాలని, ఆయన చేతుల్లోనే జ్ఞానస్నానం జరగాలని కాజ్మీర్ ఆ రోజే అనుకున్నాడు. ఈ ఒక్క పూట దాటిపోతే ఆ మనిషి మిల్వాకీలో, పిల్లవాడు ఇక్కడ. కాజ్మీర్‌కి ఏడుపు ఆగలేదు.

"ఆనందబాష్పాలు!" అంది వెర్నా.

పదకొండూ నలభైకి జనం మధ్యలోంచి ఒక దారి పడింది. ఆ దారిలో బ్రోనియా వచ్చింది. చంకలో పసివాడు, వాడికన్నా మూడింతలు పొడుగున్న తెల్లటి జ్ఞానస్నానం గౌను, వెనకాలే ఇగ్నాసీ గారు. ఎదురుగా చూస్తే ఏముంది? పదిన్నరకి వస్తానన్న మొగుడు తెల్ల చేతితొడుగులు వేసుకుని జమీందారులా తిరుగుతున్నాడు, లోకమంతా చప్పట్లు కొడుతోంది.

"ఓహో! వేలిముద్ర తుడవడమంటే ఇదా!" అని మొదలుపెట్టింది. సగంలోనే మొగుడు అటు తిరిగిపోయాడు. వదులుతుందా? వేదికతో పాటు చుట్టూ నడుస్తూ తిట్టింది. "చుట్టాలంతా చర్చి మెట్ల మీద నిలబడ్డారు! పెద్దాయన రైలెక్కాలి! నీకు సిగ్గుందా?" కాజ్మీర్ ఆమె పెదాలు కదలడం చూస్తూ మూతకేసి చూపిస్తున్నాడు. కాపురానికొచ్చాక ఆమె తిట్లు ఒక్కటీ వినపడకపోవడం అదే మొదటిసారి, అయినా అతనికి సంతోషించే తీరిక లేదు.

ఇగ్నాసీ గారు మాత్రం అతని చేతులకేసి చూశారు.

"ఆగమ్మా బ్రోనియా. వాడు కూర్చోలేదు. ఇరుక్కున్నాడు."

"అయ్యో నా తల్లీ!"

"కంగారు పడకు. పిడి తీసెయ్యమన్నప్పుడు తీసేశాను గానీ, ఎందుకైనా మంచిదని లోపల్నుంచి తీగ లాగి ఎడమ రెక్క కింద ఒక కొక్కెం పెట్టాను, అది కదిలితే కరెంటు లేకపోయినా మూత లేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే లైను చెడిందనేవాడు." ఆయన వేదిక ఎక్కి రెక్క కింద తడిమారు. "ఉంది. రంగు మీద రంగు కొట్టి బిగించేశారు వెధవలు. గట్టిగా నాలుగు తగిలించాలి."

బ్రోనియా పసివాణ్ణి ఆయన చేతికిచ్చి, వేదిక ఎక్కి, కాలి చెప్పు తీసింది.

కాజ్మీర్‌కి పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని సీట్లోకి ముడుచుకుపోయాడు. జనం విరగబడి నవ్వారు. వెర్నా మైకు నోటి దాకా తెచ్చుకుంది. "ఇప్పుడు... ఇప్పుడేం జరుగుతుందో నాకూ తెలీదండీ!"

ఠంగుమంది. హేల్ గారు పరుగున వచ్చారు. "రెక్క! అమ్మా, ఆ రెక్క! లైను!"

"నీ లైను తగలెయ్య!" అంది బ్రోనియా, మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకి లోపల ఏదో టక్కుమంది. మూత మెల్లగా పైకి లేచింది.

హేల్ గారి కోసం రెండు గంటలపాటు నూరి పెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి కాజ్మీర్ దగ్గర. తీరా మూత లేచాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. దిగీ దిగకముందే ఇగ్నాసీ గారి చెయ్యి పట్టుకున్నాడు. "మీ మేలు మర్చిపోను గురువుగారూ. అప్పుడూ మీరే, ఇప్పుడూ మీరే." బ్రోనియా చేతిలో చెప్పుకి దణ్ణం పెట్టాడు. ఊపు ఆగక, దేవుణ్ణి తలుచుకున్న ముసలావిడకీ, వెర్నాకీ, చప్పట్లు కొట్టినవాళ్ళందరికీ థాంక్స్ చెప్పాడు. ఎందుకో తెలియకపోయినా అందరూ తలలూపారు.

"అయితే ఇది నీకు తోచిన ఆలోచన కాదన్నమాట," అన్నారు ప్రెసిడెంటు గారు హేల్ గారితో. "లోపల్నుంచి తెరవడానికి ఏమీ లేదా?"

"పిడి ఉండేది సార్. లైను..."

"నా కారు తీసుకుని ముందు వీళ్ళని చర్చిలో దింపమను. తర్వాత ఆ లైను సంగతి నాతో మాట్లాడు."

చర్చికి చేరేసరికి పన్నెండూ ఎనిమిది. ఫాదర్ గారు గడియారం చూసి, ప్రెసిడెంటు గారి నల్లటి పెద్ద కారు చూసి, అనబోయిన మాట మింగేశారు. నీళ్ళు పడగానే పసివాడు చర్చి అదిరిపోయేలా ఏడ్చాడు. ఇగ్నాసీ వ్రోనా అని పేరు పెట్టారు. పెద్ద ఇగ్నాసీ చిన్న ఇగ్నాసీని ఎత్తుకుని నిలబడ్డప్పుడు, కాజ్మీర్ ఆ రోజు రెండోసారి ఏడ్చాడు. ఈసారి ఎవరూ మైకులో చెప్పలేదు.

బయటికొచ్చాక ఇగ్నాసీ గారు జేబులోంచి ఏదో తీసి పసివాడి పిడికిట్లో పెట్టారు. తళతళలాడే చిన్న పిడి. "పారెయ్యమన్నారు. మనసొప్పలేదురా. వీడి పళ్ళొచ్చేటప్పుడు కొరుక్కోవడానికి పనికొస్తుంది," అన్నారు. బ్రోనియా కట్టిచ్చిన క్యాబేజీ చుట్టల పొట్లం పట్టుకుని ఆయన ఒంటిగంటన్నర రైలెక్కారు. రైలు కనబడకుండా పోయేదాకా కాజ్మీర్ తెల్ల చేతితొడుగు ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే హేల్ గారు, టోపీ చేత్తో పట్టుకుని.

"కాజ్మీర్, ఇగ్నాసీ చేసిన పిడి నీ దగ్గరేమైనా ఉందా? రేపు పొద్దున్నకల్లా లోపల పిడి ఉండాలన్నారు ప్రెసిడెంటు గారు. అలాంటిది చెయ్యగలవాడు స్టూడియోలో ఇంకెవడూ లేడయ్యా."

"మా దగ్గరే ఉందండీ. మావాడి చేతిలో ఉంది. లాగితే ఏడుస్తాడు, బ్రోనియా ఒప్పుకోదు. నిద్రపోయాక తీసుకోండి. ఇలా కూర్చోండి, చుట్టలు మిగిలాయి, తింటారా?"

హేల్ గారు ఊయల పక్కన కూర్చున్నారు. నాలుగు చుట్టలు తిన్నారు. పిల్లవాడు పిడికిలి వదలడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. తెల్లారి ఆ పిడి కారులో తిరిగి దాని చోటికి చేరింది, లైను ఏమీ చెడలేదు.