హార్డ్‌కాసిల్ ఉంటాడా, పోతాడా?

ఇంగ్లండు ఉత్తర భాగంలోని ఒక చిన్న పట్టణానికి చెందిన రగ్బీ లీగ్ జట్టులో ఎవరు ఉంటారు, ఎవరు పోతారు, పోయేవారు ఎన్నేళ్ల ఒప్పందం మీద పోతారు అనే విషయాలను నిశితంగా పరిశీలించి ముందుగానే అంచనా వేయడానికి, బహ్రెయిన్‌లో కర్జకాన్ గ్రామానికి అవతల ఉన్న కార్మికుల క్యాంపులో నలభై ఎనిమిది మంది తెలుగువారితో ఒక సంఘం ఏర్పడిందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సభ్యులలో ఏ ఒక్కరూ రగ్బీ ఆటను చూసి ఎరుగరు. ఇది వారి పరిశీలనకు ఆటంకం కాలేదు సరికదా, ఆట చూసినవారికి సహజంగా అంటుకునే పక్షపాతం నుంచి వారిని కాపాడింది.

ఆట స్వరూపాన్ని మొదటి సమావేశంలోనే అధ్యక్షుడు పోశన్న వివరించాడు. ఆయన జగిత్యాల వైపు మేస్త్రీ; క్యాంపులో అందరికంటే పాతవాడు. "మన కబడ్డీ లెక్కనే. కూత ఉండది, కోడిగుడ్డు లెక్క బంతి ఉంటది. ఉరికెటోన్ని ఆరుసార్లు పడగొడ్తరు. ఆరోసారి పడ్డంక బంతి అవతలోనికిచ్చుడే. గంతే," అన్నాడు. సందేహాలు ఎవరికీ కలగలేదు. ఆట ఇదేనన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

సంఘం ఆవిర్భావానికి కారణం శుద్ధ శాస్త్రీయమైనది. సఖీర్ వైపు కడుతున్న గోదాముల పనికి మేనేజరు అయిన బ్రాడ్‌బెంట్ గారు ఆ పట్టణంలోనే పుట్టారు. సెలవు దరఖాస్తుల మీద సంతకం చేసేది ఆయనే. ఆఫీసులో టీ కాచే పేరయ్య అమలాపురం వైపు మనిషి, యాభై దాటినవాడు. పదకొండేళ్ల పరిశీలనలో ఆయన ఒక ప్రకృతి నియమాన్ని కనుగొన్నాడు. జట్టులోకి మంచి ఆటగాడు వచ్చిన రోజున దొరగారు మొదటి కప్పు టీయే తాగి, బల్ల మీది దరఖాస్తులన్నిటి మీదా చదవకుండా సంతకాలు చేస్తారు. ఉన్నవాడు పోయిన రోజున టీ మూడుసార్లు వెనక్కి వస్తుంది, దరఖాస్తులూ వస్తాయి. నిరుడు జట్టు కెప్టెన్ పొరుగు పట్టణానికి మారిన ఉదయం, అపెండిక్స్ నొప్పితో మెలికలు తిరుగుతున్న పరశురాం దరఖాస్తు మీద "వచ్చే నెల చూద్దాం" అని రాశారు. ఆ అవయవం ఆదేశాన్ని పాటించలేదు. దాన్ని ఇక్కడి ఆసుపత్రిలోనే తీసివేయవలసి వచ్చింది. పరశురాం ఇప్పుడు సంఘానికి ఉపాధ్యక్షుడు.

ఇంత స్పష్టమైన కార్యకారణ సంబంధం విశ్వవిద్యాలయాలలో కూడా అరుదు.

ప్రస్తుత సంక్షోభం భూమేష్‌కు సంబంధించినది. ఇతడు కోరుట్ల దగ్గరి పల్లెవాడు, ఇక్కడ పరంజాలు కడతాడు. మెట్‌పల్లిలో మీసేవ కేంద్రం నడిపే సరితతో పెళ్లి కుదిరి ఏడాదిన్నర అయింది. మొదటి ముహూర్తం జట్టులోని వేగపరుగువాడు తొడ కండరం పట్టి ఆటకు దూరమైనందువల్ల వాయిదా పడింది. రెండవది కోచ్ రాజీనామా వల్ల. మూడో ముహూర్తానికి ఇక నెలరోజుల గడువు ఉందనగా సరిత ఫోన్ చేసింది. "ఇగో, ఇను. రెండుసార్లు పత్రికలు కొట్టిచ్చినం, రెండుసార్లు చుట్టాలకు జవాబు చెప్పుకున్నం. ఈసారి గూడ ఆగిందనుకో, నాలుగోసారి పత్రిక మీద పిల్ల పేరు గదే ఉంటది, పిలగాని పేరు మారుతది."

సంఘం దీనిని, క్రీడారంగంలో వాడే అర్థంలోనే, తీవ్రమైన బదిలీ హెచ్చరికగా నమోదు చేసుకుంది.

ఆ సమయానికి పట్టణమంతటినీ, తద్వారా క్యాంపునూ పీడిస్తున్న ప్రశ్న హార్డ్‌కాసిల్ ఉంటాడా, పోతాడా అన్నది. ఈయన జట్టుకు ముందువరుస స్తంభం. ఒప్పందం ముగియబోతోంది. కొండ అవతలి జట్టువారు ఒక కన్ను వేశారని, ఆస్ట్రేలియావారు రెండు కళ్లూ వేశారని పత్రికలు రాస్తున్నాయి. క్యాంపులో ఆయన్ని గౌరవంగా కాసిలన్న అని పిలుచుకునేవారు. కాసిలన్న ఉంటే భూమేష్‌కు పెళ్లవుతుంది. పోతే సరితకు వేరొకరితో అవుతుంది.

సంఘ కార్యదర్శి సత్యప్రసాద్ కాకినాడలో బీకాం చదివి ఇక్కడ స్టోర్ చూసుకుంటున్నాడు. ఇంగ్లీషు వార్తలను ప్రతి ఉదయం బస్సులో అనువదించే బాధ్యత అతనిది. వార్తల మూలాలను మూడు తరగతులుగా విభజించారు: విశ్వసనీయ వర్గాలు, అత్యంత విశ్వసనీయ వర్గాలు, పేరయ్య. అప్పటికే ప్రతి సభ్యుడూ కాసిలన్న ముందున్న ఒప్పందాన్ని కంఠస్థం చేశాడు. రెండేళ్లు ఖాయం; మూడో ఏడు జట్టు ఇష్టం; ఎడమ మోకాలు తిరగబెడితే వైద్యం జట్టుదే; ఆస్ట్రేలియా పిలిస్తే ఆరు నెలల ముందు చెప్పి వెళ్లవచ్చు. ఇనుము మోస్తున్నప్పుడు మోకాలి షరతు మీద వాదించుకుని ఇద్దరు రెండుసార్లు ఇనుము జారవిడిచారు కూడా. అయితే ఆ ఇద్దరి మోకాళ్ల సంగతి ఏ పత్రికలోనూ రానందున సంఘం దానిని చర్చించలేదు.

అంతలో కాసిలన్న భార్య ఒక బూడిదరంగు సోఫా పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఫేస్‌బుక్‌లో వెలువడింది. శుక్రవారం ప్రత్యేక సమావేశం ఏర్పాటైంది.

"ఊరు ఇడిసి పోయెటోడు సోఫా కొంటడా?" అని పోశన్న చర్చను ప్రారంభించాడు.

"అమ్మేసుకోడానికి ఎంతసేపు పడద్దండీ?" అన్నాడు సత్యప్రసాద్.

"మూల సోఫా గది. గల్మల నుంచి బయటికి రాదు. ఎట్ల అమ్ముతడు?"

"మరి లోపలికెలా తెచ్చాడండీ?" అన్నాడు పేరయ్య.

ఈ ప్రశ్నతో సభ నలభై నిమిషాలు స్తంభించింది. చివరికి సోఫా కొన్నవాడు కదలడనే వర్గం ఒకటి, సోఫా అమ్ముకోవచ్చుననే వర్గం ఒకటి ఏర్పడ్డాయి. మొదటిది ప్రధానంగా తెలంగాణవారిది, రెండవది కోస్తావారిది. రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా ఒకే పొయ్యి మీద వండుకున్నవారు సోఫా దగ్గర విడిపోయారు. మూడో నంబరు గదిలో రెండు పొయ్యిలు వెలిగాయి.

సయోధ్య కోసం పోశన్న దైవసహాయాన్ని ఆశ్రయించాడు. కాసిలన్న ఉండిపోతే మేడారంలో సమ్మక్క సారలమ్మలకు ఆయన ఎత్తు బంగారం, అనగా ఆయన బరువుకు సరితూగే బెల్లం, సమర్పిస్తానని అందరి ఎదుటా మొక్కుకున్నాడు. చెంపలు వేసుకున్న తరువాత సత్యప్రసాద్‌ను పక్కకు పిలిచాడు.

"అన్న ఎంతుంటడు తమ్మీ?"

"నూట పద్దెనిమిది కిలోలండీ."

పోశన్న బెల్లం ధర వేళ్ల మీద లెక్కవేశాడు. "గది ఆట సీజను మొదట్లనా, ఆఖర్లనా?" అన్నాడు.

ముహూర్తానికి ఇరవై మూడు రోజులు మిగిలాయి. కాసిలన్న సంతకం చేయలేదు. బల్ల మీద భూమేష్ దరఖాస్తు కదలలేదు. ఇక వార్తల కోసం ఎదురుచూడటం బాధ్యతారాహిత్యమని, వార్తను తయారుచేయడమే కర్తవ్యమని సంఘం నిర్ణయించింది. సత్యప్రసాద్ ఆ జట్టు అభిమానుల పేజీలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాడు: గల్ఫ్‌లోని అత్యంత విశ్వసనీయ వర్గాల ప్రకారం హార్డ్‌కాసిల్ మూడేళ్లకు అంగీకరించాడు. ఆ వాక్యంలో ఒక్క వ్యాకరణ దోషమూ లేదు, నిజమూ లేదు. నాలుగు నిమిషాల్లో నలభై ఎనిమిది మంది దానిని ఇష్టపడ్డారు.

మరుసటి రోజు అభిమానులు కాసిలన్నను వదిలి, ఈ గల్ఫ్ వర్గాలు ఎవరని విచారించారు. మూడో రోజుకు, గల్ఫ్‌లోని ఒక మహాధనికుడు జట్టును కొనబోతున్నాడని తేలింది. నాలుగో రోజు ఆ పట్టణపు పత్రిక మొదటి పేజీలో వార్తతో పాటు ఆకాశహర్మ్యం బొమ్మ వేసింది. అది దుబాయిలోని భవనం. గల్ఫంతా దుబాయే అనే విషయంలో ఇంగ్లండు పాత్రికేయుల భూగోళ జ్ఞానం పోశన్న తల్లి గారి జ్ఞానంతో అక్షరాలా సరిపోయింది. ఐదో రోజు జట్టు అధ్యక్షుడు ఇదంతా అబద్ధమని ప్రకటించాడు. అధ్యక్షుడే ఖండించాడంటే నిజమే అయి ఉంటుందని పట్టణం సంబరాలు చేసుకుంది. ఆరో రోజు కాసిలన్న ఏజెంటు మాట్లాడాడు: తన ఆటగాడు గురువారమే సంతకం చేయవలసి ఉండగా, మారిన పరిస్థితులలో, కొత్త యజమాని వచ్చేదాకా వేచి చూస్తాడు.

ఆ రోజు పేరయ్య టీ ఐదుసార్లు వెనక్కి వచ్చింది. ఇది రికార్డు. మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది: తదుపరి ఆదేశాల వరకు సెలవులన్నీ నిలిపివేయడమైనది. బ్రాడ్‌బెంట్ గారు అంతటితో ఆగక, సత్యప్రసాద్‌ను గదిలోకి పిలిచి, నువ్వు ఇక్కడ చాలాకాలంగా ఉన్నావు కదా, ఈ జట్టును కొనేంత స్తోమత గల షేకు ఎవరో కనుక్కోగలవా అని అడిగారు. "తప్పకుండా విచారిస్తానండీ," అన్నాడు సత్యప్రసాద్. బయటికి వస్తూనే, తాము సృష్టించిన షేకును వెతకడానికి ఐదుగురితో ఉపసంఘం వేశాడు. వారు శుక్రవారం మనామా సూక్‌లో బంగారు దుకాణాల ముందు పచార్లు చేసి, ముగ్గురిని అనుమానించి, టీ తాగి వచ్చారు.

మరునాడు శనివారం, భోజన విరామంలో సరిత ఫోన్ చేసింది. భూమేష్ స్పీకర్ పెట్టాడు. చుట్టూ సంఘం కూర్చుంది. ముహూర్తానికి పదహారు రోజులు.

"సంతకం జేసిండా?" అంది సరిత.

"ఇంక లేదు. షేకు కోసం సూస్తున్నడు."

"ఏ షేకు?"

భూమేష్ వివరించాడు. అవతల ప్రింటర్ చప్పుడు వినిపించింది. తరువాత, "ఆగు కాక, నీ ఆదాయం సర్టిఫికెట్ ప్రింటైతున్నది," అని ఎవరికో చెప్పి, తిరిగి ఫోన్‌లోకి వచ్చింది. "ఆయనకు మోకాలు నొస్తె ఎవలు సూస్తరో గూడ నీకెరుక. మరి నీకు లీవు ఎన్నొద్దులో ఎరుకనా?"

"సారు ఇచ్చినన్ని."

"ఎన్ని అని రాసుంటది గద."

"యాడ?"

"నువ్వు సంతకం పెట్టి పోయిన కాగితంల."

"నాకు గూడ ఒప్పందం ఉంటదా?" అన్నాడు భూమేష్. ఆ గొంతులో ధ్వనించినది వినయమే.

పెట్టె అడుగున, పాత పాస్‌పోర్టు ఫొటోల కింద, నిజంగానే ఒకటి దొరికింది. మూడు పేజీలు. గల్ఫ్‌కు పంపిన ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా భూమేష్ సంతకం ఉంది. సభ్యులు దానిని చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నారు. ఫొటోలు తీసి పంపారు. సరిత రెండు కుల ధ్రువీకరణ పత్రాల మధ్య దొరికిన వ్యవధిలో చదివి ఫోన్ చేసింది.

"తొమ్మిదో నంబరు సూడు. ఏడాదికి ముప్పై దినాలు. పదిహేను దినాల ముందుగాల రాసిస్తె సాలు. పోనురాను టికెటు వాళ్లదే. రెండేండ్ల సంది నువ్వు ఒక్క దినం వాడుకోలే. గింత ఇకమతు గలోళ్లు, గిది సదవరాలేదా మీకు?"

"గట్ల రాస్తరా ఎవలన్న?" అన్నాడు పోశన్న. ఆయన కంఠంలో మొదటిసారి ఒక సంస్థాధిపతి ఆందోళన వినిపించింది.

సరిత చెప్పగా సత్యప్రసాద్ ఉత్తరం రాశాడు. భూమేష్ ఆ ఉత్తరమూ, ఒప్పందమూ పట్టుకుని ఆఫీసులోకి వెళ్లాడు. బ్రాడ్‌బెంట్ గారు మొదట నోటీసు బోర్డు వైపు వేలు చూపించారు. భూమేష్ కదలలేదు, తొమ్మిదో నంబరు మీద వేలు ఆనించి నిలబడ్డాడు. "సార్, పెళ్లి. ఇందులో ఉంది సార్," అన్నాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. ఇది ఎక్కడ దొరికిందని అడిగారు. మీరిచ్చిందే సార్ అన్నాడు భూమేష్. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని విస్తుపోయి, సంతకం చేశారు. మొత్తం వ్యవహారానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు కళ్లజోడు వెతకడానికి. భూమేష్ తలుపు దాటుతుండగా వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, మీ క్యాంపులో వాళ్లు ఏమనుకుంటున్నారు, హార్డ్‌కాసిల్ ఉంటాడా అని అడిగారు.

భూమేష్ విమానమెక్కిన రోజున సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పోశన్న అధ్యక్షోపన్యాసం చేశాడు. "తమ్ముండ్లారా, పిలగాడు పోయిండు, లగ్గం అయితది, సంతోషం. గని ఒక్క ముచ్చట సోంచాయించుండ్రి. కాగితం సూపి లీవు తీసుకునుడు ఏం పెద్ద పని? గది ఎవడన్న జేస్తడు. ఏడాది సంది మనం మోకాలు సదివినం, సోఫా సదివినం, ఒక షేకునే పుట్టిచ్చినం. గీ తెలివంత ఏం గావాలె? రేపు అందరు పెట్టెలు తెరిస్తె సంఘం ఉంటదా?"

"ఉండదండీ," అన్నాడు పేరయ్య, కళ్లు తుడుచుకుంటూ.

మూడు తీర్మానాలు ఆమోదం పొందాయి. నూతన దంపతులకు అభినందనలు. సొంత ఒప్పందాన్ని చదివి సెలవు సాధించే పద్ధతి సమష్టి స్ఫూర్తికి విరుద్ధమని విచారం. వచ్చే నవంబరులో ఒప్పందం ముగియబోతున్న ఇంకొక ఆటగాడి భుజం మీద అధ్యయనానికి తక్షణమే ఉపసంఘం. ఈ చివరి పని వల్ల ఎవరికీ తీరిక లేక, మిగిలిన నలభై ఏడు పెట్టెలు నేటికీ తెరుచుకోలేదు.

వివేకవంతులైన పాఠకులు వీరి అమాయకత్వానికి నవ్వుకుని ఉంటారు. వారిలో చాలామందికి, పెళ్లి సంగతి తేలిపోయింది కనుక, హార్డ్‌కాసిల్ చివరికి ఏం చేశాడనే సందేహం మిగిలి ఉంటుందనీ మాకు తెలుసు. ఆయన మూడేళ్లకు సంతకం చేశాడు. మోకాలి షరతు యథాతథం. ఆయన ఒప్పందంలో ఇంకేమైనా తెలుసుకోదలిస్తే నిస్సంకోచంగా రాయండి, సంఘం ప్రతి ఉత్తరానికీ జవాబిస్తుంది. మీ నియామక పత్రంలో తొమ్మిదో షరతు ఏమిటో మాత్రం దయచేసి మమ్మల్ని అడగవద్దు. ఆ కాగితం మీ దగ్గరే ఉంది.