మూడుసార్లు మునిగిన పిల్ల

ఆదివారం పొద్దున్నే సింగపూర్ పుంగ్గోల్‌లోని తన ఫ్లాట్‌లో సాంబశివరావు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అతికించాడు. ఐదింటికి దీపం, ఐదుంబావుకి తెర, ఆరున్నరకి నాయిక మరణం, ఆరున్నర నుంచి ఆరూ నలభై దాకా ప్రేక్షకుల కన్నీళ్ళు, ఆపైన వందన సమర్పణ, ఏడింటికి హాలు ఖాళీ.

"ఏడవడానికి పది నిమిషాలా?" అంది భార్య భానుమతి. "మనవాళ్ళు అప్పటికే పులిహోర లైన్లో ఉంటారండీ."

"ఈసారి ఏడుస్తారు. ఏడవకపోతే అడుగు!"

ఆయనకి బ్యాంకులో ఐటీ ఉద్యోగం పొట్టకోసం. ప్రాణమంతా తెలుగు సంఘం సాంస్కృతిక కార్యదర్శి పదవి మీదే. పదకొండేళ్ళుగా విషాద నాటకాలే వేస్తున్నాడు. పదకొండేళ్ళుగా జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. పోయిన మీటింగులో సంఘం సభ్యుడు వెంకటరాజు అననే అన్నాడు. "సార్, ఆ పదవి నాకిచ్చేయండి. నేను సినిమా డాన్సులు పెట్టుకుంటా. జనం నవ్వినా నాకు బాధుండదు." ఈసారి కూడా నవ్వితే పదవి వదిలేస్తానని సాంబశివరావు అందరి ముందూ ఒట్టేశాడు.

అందుకే ఒక చెక్ ఒపేరా పట్టుకున్నాడు. మొత్తం పాటల్లోనే నడిచే నాటకం. పల్లెటూళ్ళో పిండిమర వాడి కూతురు, ఆమెని మోసం చేసిన మోతుబరి కొడుకు, గుసగుసలాడే ఊరు, చివరికి గడ్డకట్టిన ఏట్లో మంచు పగలగొట్టుకుని దూకేసే పిల్ల. నవ్వడానికి ఒక్క సందు లేదు. మనవాళ్ళకి ఎక్కాలని చివరి పాటని మాత్రం మన రంగస్థల పద్యంగా మార్చి, రాగం తీయించాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. చూడ్డానికి మిలేనా అనే చెక్ సంగీత ప్రొఫెసర్‌ని కూడా పిలిచాడు. నచ్చితే తమ దేశపు నాటకోత్సవానికి పిలుస్తానంది ఆవిడ.

ఆరున్నరకి, అనుకున్నట్టే, యూనివర్సిటీ దగ్గర క్లెమెంటిలో గది తీసుకుని పరిశోధన చేస్తున్న అలేఖ్య పద్యం అందుకుంది. రాగం సాగదీసి, థర్మాకోల్ మంచులోకి దూకింది. కూతురి శవం మీద పడి తల్లి వేషంలోని భానుమతి గొల్లుమంది. హాల్లో ఎవరో ముక్కు చీదారు. తెరపక్కన సాంబశివరావుకి ఆనందంతో ఒళ్ళు పులకరించింది.

"వన్స్ మోర్!"

అరిచింది ముందు వరసలోని సూర్యకుమారి. డెబ్భై రెండేళ్ళ మనిషి, చిన్నప్పుడు గుడివాడలో పద్యనాటకాలు చూస్తూ పెరిగింది. పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకోవడం ఆవిడకి తెలిసిన మర్యాద. ముందు వరసల్లోని నలభై మంది పెద్దలూ అందుకున్నారు.

అలేఖ్య తాతగారు తెనాలి నటుడు. వన్స్ మోర్ అన్నాక లేవనివాడు నటుడే కాడని నేర్పి పెంచాడు. శవం లేచి, థర్మాకోల్ దులుపుకుని, దండం పెట్టి, మళ్ళీ పాడి, మళ్ళీ దూకింది.

"లేవకమ్మా! నువ్వు చచ్చిపోయావు!" అని సాంబశివరావు పళ్ళు నూరాడు.

"పెద్దావిడ అడిగితే ఎలా పడుకుంటానండీ?" అంది ఏట్లోంచి అలేఖ్య.

ఈలోగా హాలు స్పాన్సర్ రంగనాథ్, ఫ్లైటుకి టైమవుతోందంటూ స్టేజీ ఎక్కేసి శవానికి శాలువా కప్పాడు. శవం చేతులు జోడించింది. ఫొటో కోసం ఏడుస్తున్న తల్లిని పక్కకి జరగమన్నారు. వెనక తలుపు దగ్గర హాలు చూసుకునే చైనీస్ పెద్దాయన గడియారం చూపించాడు. ఆయన వెనక నలుగురు రాకెట్లతో నిలబడి ఉన్నారు.

"అంకుల్, సెవెన్ ఓ క్లాక్ బ్యాడ్మింటన్ లా! హౌ మెనీ టైమ్స్ షీ డై?" అన్నాడు వాళ్ళలో ఒకడు సింగపూర్ ఇంగ్లీషులో.

మరో వన్స్ మోర్‌కి అలేఖ్య మూడోసారి మునిగింది. నాలుగోసారి దూకడానికి లేచేసరికి సూర్యకుమారి కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కి, ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"చాలు తల్లీ. ఇంకెన్నిసార్లు దూకుతావే? ఆ సచ్చినోడి కోసం నువ్వు పోవడమేంటి? మా ఇంటికి రా, అన్నం పెడతా."

"దూకొద్దు!" అంది ముందు వరసంతా. ఎవరో మోతుబరి కొడుకు వేషంలో ఉన్న బాబ్జీ వైపు తిరిగి, "ఏరా, సిగ్గులేదూ?" అని గద్దించారు. "సారీ అండీ," అన్నాడు బాబ్జీ. వెనక వరసలు విరగబడి నవ్వాయి. ఏడు కొట్టింది, లైట్లన్నీ వెలిగాయి, పిండిమర వాడి కూతురు బతికే ఉంది.

సాంబశివరావు మంచు మీద చతికిలబడ్డాడు. "పదవి తీసుకోవయ్యా వెంకటరాజూ."

మిలేనా తడిసిన రుమాలుతో వచ్చింది. "ఈ ఒపేరా ఇరవైసార్లు చూశాను," అంది ఇంగ్లీషులో. "ప్రతిసారీ ఊరు చూస్తూ ఊరుకుంది, ఆ పిల్ల పోయింది. ఊరు అడ్డుపడటం ఇదే మొదటిసారి. ఆ ఊరివాళ్ళ చేత అంత సహజంగా ఎలా చేయించారు?"

సాంబశివరావు పులిహోర లైను వైపు చూశాడు. "చాలా రిహార్సల్స్ పడ్డాయండీ," అన్నాడు.

"మా ఉత్సవానికి రండి. నటులు ఎవరైనా ఫరవాలేదు, ఊరు మాత్రం ఇదే కావాలి."

వెంకటరాజు వెళ్ళి పులిహోర లైన్లో నిలబడ్డాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాంబశివరావు ఆ నలభై మంది చేత వన్స్ మోర్ ప్రాక్టీసు చేయిస్తున్నాడు. సూర్యకుమారి అరుపులో సహజత్వం చాలడం లేదని, ఆవిడ స్థానంలో వేరే ఎవరినైనా పెట్టే ఆలోచనలో ఉన్నాడు.