మంచం కింద రెండు బస్తాలు

ఆ ఉదయం రుస్లీ అనుకున్నది ఒక్కటే: పెందలాడే ఆఫీసు నుంచి బయటపడి, రైస్ మిల్లులో తన బాతులకు రెండు బస్తాల తవుడు కొనుక్కుని ఇంటికి పోవాలని. కెడా రాష్ట్రంలోని ఆ ఊళ్లో తవుడును దెడక్ అంటారు. ఈ మధ్య అదే మాట లంచానికీ పేరైంది. మేత చల్లి కోళ్లను కాళ్ల చుట్టూ తిప్పుకున్నట్టు, మనుషుల్ని తిప్పుకోవడానికి పెద్దవాళ్లు విసిరేదన్నమాట.

రుస్లీ ముందే చెప్పి ఉంచడంతో మిల్లువాడు అతను రాకముందే బస్తాలు ఇంటికి పంపేశాడు. ఆ సంగతి చెబుదామని రుస్లీ భార్య జమాలియా ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎత్తింది పక్క సీటులోని జైనున్.

"మా ఆయనతో చెప్పమ్మా, దెడక్ వచ్చింది. రెండు బస్తాలు. మంచం కింద పెట్టాను."

జైనున్ గబుక్కున ఫోను పెట్టేసింది. అవినీతి నిరోధక శాఖ వాళ్లిద్దరు గంట నుంచీ పై అంతస్తులోనే ఉన్నారు. ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు.

టీ వేళకు ఆఫీసు గుసగుసల్లో రెండు బస్తాలు నాలుగయ్యాయి. రుస్లీ వేయించిన అరటిపళ్ల పొట్లం విప్పి అందరి ముందూ పెడితే ఒక్కరూ ముట్టలేదు. చివరికి జైనున్ అతని చెవిలో విషయం ఊదింది. బాతుల మేతేనని ప్రమాణం చేసినా నమ్మలేదామె. మేతను మంచం కింద ఎవరు పెట్టుకుంటారని అడిగింది.

రుస్లీ వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆ బస్తాలు కాలవలో పారబొయ్యి. ఎవరి కంటా పడకూడదు."

"మీకేమైనా పిచ్చా అండీ? షెడ్డు కారుతోందని నడుం విరిగేలా మోసుకొచ్చి లోపల పెట్టాను," అందామె.

తలెత్తి చూస్తే ఆఫీసంతా పని మానేసి వింటోంది. ఇక పై అధికారి బఖ్తియార్‌తో ఉన్నదున్నట్టు చెప్పుకోవడం తప్ప దారి లేదు. ఆయన గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ దెడక్ సంగతి..."

బఖ్తియార్ లేచి తలుపు గడియ పెట్టాడు.

"నా కారు డిక్కీలో ఉందని నీకెవరు చెప్పారు?"

రుస్లీ చూపు తెలియకుండానే పైకప్పు వైపు తిరిగింది. అది చూసి, ఇతడు పై అంతస్తులోని వాళ్లకు అన్నీ చెప్పేసి వచ్చాడని బఖ్తియార్ నిశ్చయించుకున్నాడు. తనంతట తాను ఒప్పుకుంటే శిక్షయినా తగ్గుతుందని గొణుక్కుంటూ, కారు తాళాలు తీసుకుని మెట్లెక్కాడు.

మధ్యాహ్నం ఆయన్ని జీపులో తీసుకుపోయారు. అసలు అవినీతి నిరోధక శాఖ వాళ్లిద్దరూ వచ్చింది, వచ్చే నెల నిజాయితీ మీద ఇవ్వబోయే ఉపన్యాసానికి పై హాలు సరిపోతుందో లేదో చూసుకోవడానికి.