మూడో పీరియడ్ ప్రేక్షకులు

ఆ మంగళవారం ఉదయం జ్ఞానప్రకాశం వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి గంట కొట్టడానికి అరగంట ముందే వెళ్ళాలి. ప్రిన్సిపాల్ ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకోవాలి. తొమ్మిదో తరగతి ‘ఎ’ సెక్షన్‌లో రోహిణికి ఉన్న మూడో పీరియడ్‌ని తన పేరుకి మార్పించుకోవాలి. కారణం మాత్రం చెప్పకూడదు. అది చెప్పుకోదగ్గ కారణం కాదు.

“ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?” అని అడిగింది ఎలిజబెత్. ఆమె నిజాంపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరబోతూ జడకు పిన్నులు పెట్టుకుంటోంది.

“బళ్ళో పనుంది.”

“రాత్రి నిద్రలో కూడా నలభై ఆరు, నలభై ఆరు అని కలవరించారు. ఏంటది?”

“తొమ్మిదో తరగతి లెక్క” అని చెప్పులు వేసుకుని బయటపడ్డాడు జ్ఞానప్రకాశం. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు.

బాచుపల్లిలోని ఆ ప్రైవేటు బడిలో ఆయన ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. ఈ ఏడు వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే ప్రతి గదిలోనూ వెనక గోడమీద ఒక కెమెరా ఉంది. బడిలో పిల్లలున్న తల్లిదండ్రులెవరైనా, ఏ తరగతినైనా, ఉన్నచోటినుంచే ఫోన్లో చూసుకోవచ్చు. కెమెరా కింద ఒక చిన్న నల్ల పలక. ఆ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో అందులో ఎర్రటి అంకెల్లో కనబడుతుంది. “పారదర్శకతండీ” అన్నారు ప్రిన్సిపాల్ సీతారామాంజనేయులు గారు.

మొదటిరోజు జ్ఞానప్రకాశానికి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. ఎన్నడూ లేనిది, ఏడు ఎనిమిదులు ఎంత అని ఆగి ఆలోచించాడు. కాళ్ళు లాగుతున్నా కుర్చీలో కూర్చోలేదు. వెనక బెంచీ పిల్లవాణ్ణి ముద్దుగా ‘ఒరేయ్ గాడిదా’ అని పిలిచే అలవాటు మానుకుని ‘నాయనా’ అన్నాడు. సారుకి తనమీద ఎందుకో కోపం వచ్చిందని ఆ పిల్లవాడు ఏడ్చాడు. ఆ సాయంత్రమే జ్ఞానప్రకాశం ‘మేము దొంగలమా?’ అని మొదలయ్యే విజ్ఞాపన పత్రం ఒకటి రాశాడు. నలుగురు సంతకాలు పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది రోహిణి.

రోహిణి సైన్సు టీచరు, ఊరు గోపన్‌పల్లి. పదేళ్ళ కిందట భయపడుతూ ఉద్యోగంలో చేరినప్పుడు, గొంతు చించుకోకుండా చివరి బెంచీదాకా వినిపించడం ఎలాగో ఆమెకు నేర్పింది జ్ఞానప్రకాశమే. అప్పటినుంచి ఇద్దరూ ఒకే బల్లమీద టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. ఆయన ఆమెను ‘రోహిణమ్మా’ అంటాడు. ఆమె ఆయన గోంగూరలో సగం చెప్పకుండా తీసుకుంటుంది.

నెల తిరిగేసరికి స్టాఫ్ రూమ్ గోడమీద వారం వారం ఒక పట్టిక అతికించడం మొదలైంది. రోహిణి, తొమ్మిది ‘ఎ’, మూడో పీరియడ్: నలభై ఆరుగురు. జ్ఞానప్రకాశం, అదే తరగతి, ఏడో పీరియడ్: ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు ప్రిన్సిపాల్ గారేనని తర్వాత తెలిసింది.

తనను చూడటం అవమానమని రాసిన మనిషికి, తనను ఎవరూ చూడకపోవడం అంతకంటే పెద్ద అవమానంగా తోచింది. విజ్ఞాపన పత్రం ఊసు మళ్ళీ ఎత్తలేదు. “గంతమంది ఎందుకు చూస్తున్నరో నాకే తెల్వది సార్” అని రోహిణి మామూలుగానే అంది. ఆయనకు అది గర్వంలా వినిపించింది. ఆ రోజునుంచి ‘రోహిణమ్మా, నువ్వు’ పోయి ‘రోహిణి గారూ, మీరు’ వచ్చింది. గోంగూర డబ్బా కూడా బల్లమీద ఆయన మోచేతి అవతలికి జరిగింది.

పోయిన వారం ఆయన పైథాగరస్ సిద్ధాంతానికి తాడు తెచ్చాడు. దానికి కొలిచి ముడులు వేసి, ముగ్గురు పిల్లల్ని మూడు మూలల్లో నిలబెట్టి, తాడుతోనే లంబకోణ త్రిభుజం చేసి చూపించాడు. ఎర్ర అంకె మూడునుంచి నాలుగైంది. ఆ నాలుగో పెద్దమనిషి వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసి, లెక్కల సారు పిల్లల్ని తాళ్ళతో కట్టేస్తున్నాడని ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ దెబ్బతో ఆయనకు అసలు రహస్యం తట్టింది. గొప్పతనం రోహిణిది కాదు, వేళది. మూడో పీరియడ్ పదకొండు గంటలకు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో అందరూ టీ కప్పులు పట్టుకుని ఫోన్లు తీసే సమయం. తన పీరియడ్ మధ్యాహ్నం మూడు గంటలకు. అప్పుడు వాళ్ళంతా మీటింగుల్లో కునుకు తీస్తుంటారు. ఆ పదకొండు గంటల వేళ తనకిస్తే ఎవరెంతో తేలిపోతుంది.

ప్రిన్సిపాల్ గదిలో ఇంకా ఎవరూ లేరు. అంతవరకూ పథకం బాగానే నడిచింది.

“మూడో పీరియడే ఎందుకండీ మాస్టారూ?” అన్నారు సీతారామాంజనేయులు గారు.

“మధ్యాహ్నం అవ్వట్లేదండి” అంటూ జ్ఞానప్రకాశం, కొత్త టైంటేబుల్ రాసి తెచ్చిన కాగితం తీయడానికి ఎడమవైపు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం పెన్ను క్లిప్పుకి ఇరుక్కుపోయింది. లాగుతూ మొహం చిట్లించాడు.

ఛాతీమీద చెయ్యి పెట్టుకుని మొహం చిట్లిస్తున్న మనిషిని చూసి ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచారు. “ఎన్నాళ్ళనుంచండీ ఇది?” అని గొంతు తగ్గించి అడిగారు.

తన కుళ్ళు ఆయన కనిపెట్టేశారనుకున్నాడు జ్ఞానప్రకాశం. తల దించుకుని, “కెమెరాలు పెట్టినప్పటినుంచండి” అన్నాడు.

“ఇంట్లో తెలుసా?”

“లేదండి. చెప్పుకునేది కాదు కదండి.”

“మీరేం దిగులు పెట్టుకోకండి. ఎవరికీ తెలియనివ్వను. ఈ రోజునుంచే మూడో పీరియడ్ మీదే” అని ఆయన జ్ఞానప్రకాశాన్ని తలుపుదాకా చెయ్యి పట్టుకుని నడిపించారు.

అన్నట్టే ప్రిన్సిపాల్ ఎవరికీ చెప్పలేదు, అటెండరు ఐలయ్యకు తప్ప. తొమ్మిది ‘ఎ’ ఉండేది రెండో అంతస్తులో, గుండె బాగాలేని మనిషి మెట్లెక్కుతుంటే వెనకాల ఒకరుండాలి. ఐలయ్య కూడా ఎవరికీ చెప్పలేదు, రోహిణికి తప్ప. పీరియడ్ ఆమెది కాబట్టి ఆమెకు చెప్పక తప్పలేదు.

రోహిణి తడి కళ్ళతో స్టాఫ్ రూమ్‌లోకి వచ్చింది. “పీరియడ్‌దేముంది సార్, ఇగ మీదే అనుకోండ్రి. ఏం ఫికర్ వెట్టుకోవద్దు. ఆ పుస్తకాలు ఇటియ్యిండ్రి, నేను మోస్త.”

“నా పుస్తకాలు నేను మోసుకోగలనండీ రోహిణి గారూ.”

“మరి మెల్లగ ఎక్కుండ్రి. తొందరేం లేదు.”

నలభై ఆరుమంది ప్రేక్షకుల్ని ఇంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు? ఈవిడ ఏడో పీరియడ్‌లో ఇంకేదో పెద్ద ఏర్పాటు చేసుకుంటోందని జ్ఞానప్రకాశం అనుమానపడ్డాడు. ఆయన మెట్లవైపు వెళ్ళగానే రోహిణి వరండాలోకి వచ్చి ఎలిజబెత్‌కు ఫోన్ చేసింది.

“అక్కా, మీరు పరేషాన్ కావద్దు. సార్ గుండె సంగతి మాకు తెలిసింది. మేం మంచిగ చూసుకుంటం.”

“ఏ గుండె?” అంది ఎలిజబెత్. తర్వాత బీపీ మిషను సంచిలో వేసుకుని, వార్డు ఇంకొకరికి అప్పజెప్పి, ఆటో ఎక్కింది.

పదకొండు గంటలకు జ్ఞానప్రకాశం తొమ్మిది ‘ఎ’లో అడుగుపెట్టాడు. అది మూలగది. నల్లబల్ల పక్కనే పెద్ద కిటికీ ఉంది. ఆయన సుద్దముక్క తీసేసరికే వెనక గోడమీద పంతొమ్మిది వెలుగుతోంది. వృత్తం గీసేసరికి ముప్పై మూడైంది. జ్యా అంటే ఏమిటో చెప్పేసరికి యాభై రెండు. రోహిణి ఎన్నడూ చూడని అంకె అది. ఆయన వెన్ను దానంతటదే నిటారైంది. ముఖంమీద వెలుతురు బాగా పడేలా వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాడు.

రెండు నిమిషాల్లో ఐలయ్య తలుపు దగ్గరికి వచ్చాడు. “సారూ, జర పక్కకు జరగాల్నంట.”

“ఎవరన్నారయ్యా?”

“పేరెంట్సు. ఆఫీసుకు ఫోన్ జేసిండ్రు. మీరు అడ్డమొస్తున్నరంట.”

బల్లమీద బొమ్మ కనబడటం లేదని ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు. ఇరవై రెండేళ్ళలో ఇంత శ్రద్ధ ఆయన ఎవరిలోనూ చూడలేదు. ఒకడుగు జరిగాడు. ఐలయ్య కిందికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

“గంతే కాదంట సారూ. మొత్తమే పక్కకు పొమ్మంటున్నరు.”

జ్ఞానప్రకాశం ఇంకా పెద్ద వృత్తం గీశాడు. అయినా కిటికీలోంచి వచ్చే ఎండ బల్లమీద పడి మెరుస్తోంది. అందుకే పాపం వాళ్ళకు కనబడటం లేదనుకున్నాడు. నాలుగంగల్లో వెళ్ళి కిటికీ పరదా బర్రున లాగేశాడు. ఎర్ర అంకె డెబ్బై ఒకటికి ఎగబాకింది.

కింద ఆఫీసులో ఫోన్ మోగింది. ప్రిన్సిపాలే తీశారు.

“సార్, తొమ్మిది ‘ఎ’లో ఏమైంది? అసలేం కనబడట్లేదు.”

“లెక్కల మాస్టారు కనబడట్లేదాండీ?”

“అంతా అయిపోయింది సార్. ఒక్క నిమిషంలో చీకటైపోయింది. మీరు తొందరగా పైకెళ్ళండి.”

సీతారామాంజనేయులు గారు ఫోన్ చేతిలో పట్టుకునే మెట్లమీద పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో దిగిన ఎలిజబెత్, ప్రిన్సిపాల్ పరుగు చూసి తానూ పరిగెత్తింది. ఆమెను చూసి రోహిణి, రోహిణిని చూసి నీళ్ళ సీసాతో ఐలయ్య. నలుగురూ రొప్పుతూ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి జ్ఞానప్రకాశం వృత్తకేంద్రం నుంచి జ్యాకి లంబం గీస్తున్నాడు.

“కూర్చోండి” అంది ఎలిజబెత్.

“నువ్వేంటి ఇక్కడ? క్లాసు జరుగుతోంది. డెబ్బై ఒక్కమంది చూస్తున్నారు.”

“కూర్చోమన్నాను కదండీ.”

ఆయన కూర్చున్నాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టింది. మిషను ఊపిరి పీల్చి వదిలింది. “నూట ఇరవై, ఎనభై” అని చదివింది ఎలిజబెత్. “ఈయనకు ఏ జబ్బూ లేదు.”

రోహిణి దేవుడికి దండం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ ఫోన్ ఎత్తి, “మాస్టారు క్షేమంగా ఉన్నారండీ” అన్నారు అలసటగా.

“సంతోషమండీ” అంది ఫోన్లో గొంతు. గదంతా వినబడేంత గట్టిగానే ఉంది. “ఇప్పుడైనా ఆ పరదా తీయించండి. రెండో ట్యాంకర్ ఎటు పోయిందో మాకు తెలియాలి.”

ఎవరికీ అర్థం కాలేదు. రోహిణి వెళ్ళి పరదా పక్కకు లాగింది. రోడ్డుకు అవతల పెద్ద అపార్టుమెంటు గేటు, దాని ముందు వరసగా మూడు నీళ్ళ ట్యాంకర్లు.

మొదటి బెంచీలోంచి జెస్సికా అనే అమ్మాయి లేచింది. “సార్, అది మా అపార్టుమెంటు. ట్యాంకర్లు పదకొండుకే వస్తయి. మాది ఎ బ్లాకు. మా నీళ్ళు బి బ్లాకోళ్ళు పట్టుకుంటున్నరని మా డాడీకి డౌటు. బి బ్లాకు అంకుల్స్‌కేమో మా మీద డౌటు. గేటు కాడ కెమెరా పెడ్దామంటే, ఏ బ్లాకు దిక్కు తిప్పాల్నని కొట్లాట అయింది. అందుకే రోజూ అందరూ ఆఫీసుల్నుంచి మన క్లాసు చూస్తరు.”

జ్ఞానప్రకాశం వెనక గోడవైపు చూశాడు. డెబ్బై ఒకటి అలాగే వెలుగుతోంది. అందులో ఒక్కటి కూడా తనది కాదు.

పిల్లల్ని పుస్తకాల్లో లెక్క చేయమని వరండాలోకి వచ్చాక, రోహిణి నెమ్మదిగా అడిగింది. “గుండె మంచిగనే ఉందిగద సార్. మరి నా పీరియడ్ ఎందుకు అడిగిండ్రు?”

ఎలిజబెత్ కూడా చూస్తోంది. తప్పించుకునే దారి లేదు. “కుళ్ళమ్మా” అన్నాడు జ్ఞానప్రకాశం. “నీకు నలభై ఆరుమంది, నాకు ముగ్గురు. తట్టుకోలేకపోయాను.”

“దానికి మా ఆసుపత్రిలో మందు లేదు” అని ఎలిజబెత్ పట్టీ చుట్టి సంచిలో పెట్టుకుంది.

రోహిణి నవ్వుతుందేమో అనుకున్నాడాయన. ఆమె నవ్వలేదు. తెరిచిన తలుపులోంచి, గది కిటికీ అవతలి ట్యాంకర్ల వైపే చూస్తూ, “అంటే ఇన్ని రోజులు నన్ను ఎవ్వలు చూడలేదా?” అంది. “పైకి తెల్వది తెల్వది అన్న గని, గా మూడో పీరియడ్ కోసం నాలుగు కొత్త చీరలు తెచ్చుకున్న సార్.”

“ఆ గంధం రంగుది చాలా బాగుందమ్మా” అన్నాడు జ్ఞానప్రకాశం. ఆ మాట ఆయన చాలా రోజులనుంచి లోపల అణచుకుని ఉన్నాడు.

ఆ వారంలోనే అపార్టుమెంటు సంఘం నుంచి బడికి ఒక లేఖ వచ్చింది. రెండు బ్లాకులవాళ్ళూ కలిసి సంతకాలు పెట్టిన మొదటి కాగితం అది. తొమ్మిది ‘ఎ’ కెమెరాను దయచేసి కొంచెం కిటికీవైపు తిప్పమని అందులో కోరారు. “తల్లిదండ్రుల సంతృప్తే కదండీ మనకు ముఖ్యం” అని సీతారామాంజనేయులు గారు దాన్ని పూర్తిగా తిప్పించారు. ఇప్పుడు అందులో గేటు, ట్యాంకర్లు, రోడ్డుమీద ఒక కొబ్బరిబోండాల బండి కనబడతాయి. టీచరు కనబడడు. విజ్ఞాపన పత్రంతో సాధించలేనిది నీళ్ళ తగువు సాధించి పెట్టింది.

మూడో పీరియడ్ ఇక మార్చడం ఎందుకని ప్రిన్సిపాల్ దాన్ని జ్ఞానప్రకాశానికే ఉంచేశారు. ఆయన హాయిగా కుర్చీలో కూర్చుని, మధ్యలో కబుర్లు చెబుతూ, పిల్లల్ని నవ్విస్తూ పాఠం చెప్పసాగాడు. మిగతా టీచర్లు కూడా ఆ గదిలో పీరియడ్లు కావాలని ఒకరి తర్వాత ఒకరు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. రోహిణి, జ్ఞానప్రకాశం మళ్ళీ ఒకే బల్లమీద తింటూ వాళ్ళను చూసి నవ్వుకున్నారు.

స్టాఫ్ రూమ్ పట్టికలో ట్యాంకర్ల ప్రేక్షకులంతా ఇప్పుడు జ్ఞానప్రకాశం పేరు కిందే చేరుతున్నారు. నెలాఖరుకు అడ్మిషన్ల కరపత్రం అచ్చయి వచ్చింది. దానిమీద సగం పేజీలో జ్ఞానప్రకాశం ఫోటో, కింద ‘తల్లిదండ్రులు అత్యధికంగా వీక్షించే ఉపాధ్యాయుడు’ అని పెద్ద అక్షరాలు. అసలు సంగతి మొత్తం తెలిసిన రోహిణి దాన్ని రెండువైపులా చదివి, మడిచి, బల్లమీద పెట్టింది.

ఆ రోజునుంచి ఆమె ఆయనతో మాట్లాడటం లేదు.