పొగగొట్టం, కళ్లద్దాల గాడిద

ఆదివారం పొద్దున చాయ్ తాగేలోపు ఒక బొమ్మ చేసేద్దామనుకున్నాడు, బోధన్‌లో సోషల్ పాఠాలు చెప్పే నాగేందర్ సారు. ఫోన్లో వచ్చిన ఏ వార్తనైనా నమ్మే ముందు ‘ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు’ అని అడగాలని తొమ్మిదో తరగతికి నవ్విస్తూ నేర్పాలని అతని ముచ్చట. పదేళ్ల కింద మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తున్నట్టు, మేనేజరు కుర్చీలో కళ్లద్దాల గాడిద కూర్చున్నట్టు, కింద ‘ఇది నమ్మొచ్చా?’ అని రాసున్నట్టు బొమ్మ కావాలని ఏఐని అడిగాడు. పొగ, చెరకు బండ్లు, గాడిద భేషుగ్గా వచ్చాయి. తెలుగు అక్షరాలు మాత్రం ఏ భాషకూ చెందని వంకర గీతలయ్యాయి. గాడిదను చూశాక వేరే హెచ్చరిక ఎందుకులే అనుకుని, తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేసి స్నానానికి పోయాడు.

తొమ్మిదో తరగతి రుచిత ఆ బొమ్మను తాత లక్ష్మీరాజానికి చూపించింది. ఆయన ముప్పై ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో చెరకు పాకం వండాడు. ఇప్పటికీ ఆ రోడ్డున పోతే పొగగొట్టం వైపు తలెత్తకుండా ఉండలేడు.

“కుర్చీల గాడిద ఎందుకున్నది తాతా?”

“ముందటోళ్లకన్న నయమే ఉంటదిలే. పంపింది ఎవరు?”

“నాగేందర్ సారు.”

“సారు ఎన్నడన్న అబద్ధమాడిండా?”

“ఆడలే.”

“మరింకేంది?”

పక్కింటి పోశయ్య ఆ గీతలు మరాఠీవని తేల్చాడు. అంటే ఫ్యాక్టరీని కొన్నది నాందేడ్ సేటే. పదింటికల్లా సేటు పేరు బాపురావని తెలిసింది. పదకొండింటికి, పాత పనివాళ్లనే తీసుకుంటాడనీ తెలిసింది.

“సారు, గుర్తింపు కార్డు పోయింది. జిరాక్స్ నడుస్తదా?” అని ఎవరో ఫోన్ చేసేదాకా నాగేందర్‌కు సంగతి తెలియదు. ఉన్నపళంగా బండెక్కాడు.

తుప్పు పట్టిన గేటు ముందు నలభై మంది ఉన్నారు. లక్ష్మీరాజం ఖాకీ చొక్కాకు పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. పోశయ్య గేటుకు బంతిపూల దండ కడుతున్నాడు.

“ఫ్యాక్టరీ తెరుస్తలేరు. గది నేను ఫోన్ల చేసిన బొమ్మ,” అన్నాడు నాగేందర్.

పోశయ్య దండ వదల్లేదు. “గట్లని ఎవలు చెప్పిండ్రు సారు?”

“నేనే చెప్తున్న.”

“మీకెట్ల తెల్సు?”

తొమ్మిదో తరగతిలో ఒక్కరూ ఎన్నడూ అడగని ప్రశ్నలవి. చేసేది లేక అందరి ముందే గాడిదను ఇంకోసారి తయారుచేసి చూపించాల్సి వచ్చింది. అప్పుడు నమ్మారు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది నాగేందర్‌కు.

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. లక్ష్మీరాజం మాత్రం గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

“మాఫ్ చెయ్యి కాకా. గాడిదను చూసి నవ్వుకుంటరనుకున్న.”

“గాడిదనెవ్వలు సూసిండ్రు సారు? నేను పొగనే సూసిన. పొద్దుగాల సంది పాకం వాసన గూడ వస్తున్నట్టే ఉండె.”

ఆ ముప్పై ఏళ్లూ ఆయన ముఖంలోకి ఒక పూట తిరిగి వచ్చి, మళ్లీ పోవడం నాగేందర్ కళ్లారా చూశాడు.

ఊచలు వదిలి లక్ష్మీరాజమే అడిగాడు. “ఆ ఫోన్ల సప్పుడు గూడ చేయొస్తదా సారు?”

“వస్తది కాకా.”

“అయితే మన ఫ్యాక్టరీ సైరన్ మోగియ్యి. ఉత్తదే అయినా సరే.”

అబద్ధాలను ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేర్పే నాగేందర్ సారు జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఏ షిఫ్టుది కాకా?” అని అడిగాడు.