అంగుళంలో ఎనిమిదో వంతు

భవిష్యత్తు ఎవరికీ తెలియదన్న సిద్ధాంతం మా పోర్ట్ హాలోవేలో చెల్లదు. మాకు అందుకొక స్థాయీ సంఘం ఉంది.

దాని పూర్తి పేరు పోర్ట్ హాలోవే డ్రాఫ్ట్ అంచనాల స్థాయీ సంఘం. ఏటా ఏప్రిల్ చివర్లో ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. ఇదే డ్రాఫ్ట్. ఏడు విడతలు, మూడు రోజులు. మా జట్టు ఏ విడతలో ఎవరిని తీసుకుంటుందో ముందే ప్రకటించడం సంఘం బాధ్యత. ఈ బాధ్యతను సంఘానికి ఎవరూ అప్పగించలేదు. (సంఘం ఉనికి జట్టుకు తెలుసనడానికి ఒక ఆధారం ఉంది. ఇకపై ఉత్తరాలు రాయవద్దని కోరుతూ వాళ్ళు రాసిన ఉత్తరం. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం.)

సభ్యులు ఏడుగురు. అధ్యక్షుడు నార్బర్ట్ జెలిన్‌స్కీ నలభై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూశాడు. కార్యదర్శి బెర్నడెట్ కూన్ బడిలో హాజరు పట్టీ రాసి రిటైరైంది. కొలతల అధికారి ఎర్ల్ వుకోవిచ్‌ది కార్పెట్ల దుకాణం. మిగిలిన నలుగురం చేతులెత్తడానికి ఉన్నాం.

ముఖ్య సమావేశాలు ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలపు శుక్రవారాల్లో, చర్చి నేలమాళిగలో. ఆ రోజుల్లో మాంసం ఉండదు కాబట్టి అక్కడ ఊరందరికీ చేపలు వేయిస్తారు. పదకొండేళ్ళుగా వేయించేది లొరేన్ మజురెక్.

సంఘానికి ముప్పై ఒక్క ఏళ్ళు. ఏడాదికి ఏడు పేర్ల చొప్పున ఇంతవరకు రెండు వందల పదిహేడు ప్రకటించింది. అందులో సరైనవి లేవు. తొమ్మిదో నియమం ప్రకారం, సంఘం చెప్పిన ఆటగాణ్ని కాక జట్టు వేరొకరిని తీసుకుంటే అది జట్టు చేసిన పొరపాటు. బెర్నడెట్ రిజిస్టరులో ఆ పొరపాట్లకొక గడి ఉంది. రెండు వందల పదిహేడు పొరపాట్లు చేసిన జట్టును ఇప్పటికీ వదిలిపెట్టకపోవడం సంఘం ఓర్పుకు నిదర్శనం.

మొదటి ఏడాదే ఒక పాత పడవ గంటను తెచ్చి నేలమాళిగ దూలానికి వేలాడదీశారు. మొట్టమొదటి అంచనా నిజమైన రోజున కొట్టాలని. సభ్యుల్లో ఎవరికీ అది స్టూలు లేకుండా అందదు. ఏటా స్టూలు వేసుకుని దుమ్ము మాత్రం దులుపుతున్నాం.

ఈ ఏడాది అంచనాల్లో లొరేన్ కొడుకు గ్రాడీ ఉన్నాడు. గ్రాడీ గార్డ్. గార్డ్ బంతిని ముట్టుకోడు, బంతి ఉన్నవాణ్ని ఎదుటివాళ్ళు ముట్టుకోకుండా చూస్తాడు. కాలేజీలో నాలుగేళ్ళు ఒక్క ఆట కూడా మానకుండా ఆడాడు. అతన్ని పిలిపించి మాట్లాడిన జట్టు దేశం మొత్తంలో ఒక్కటే. అది మా జట్టు. వాళ్ళు తీసుకోకపోతే ఇంకెవరూ తీసుకోరని గ్రాడీకి తెలుసు, వాళ్ళమ్మకూ తెలుసు.

సెప్టెంబరు జాబితాలో సంఘం గ్రాడీని మూడో విడతలో పెట్టింది. జనవరిలో నాలుగో విడతకు దించింది. మార్చిలో ఆటగాళ్ళకు అధికారికంగా కొలతలు తీశాక ఏడో విడతకు దించింది. ఆ శుక్రవారం లొరేన్ చేపల పళ్ళెం ఎర్ల్ ముందు పెట్టి, చెయ్యి తీయకుండా పళ్ళేన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"నవంబరు తర్వాత వాడు ఒక్క ఆటా ఆడలేదు కదా ఎర్ల్. మరి కిందికెలా జారాడు?"

"చెయ్యి పొట్టిదైంది లొరేన్."

"ఎప్పట్నించి?"

"కొలిచినప్పట్నించి." ఎర్ల్ తన టేపు తీసి చూపించాడు. "గార్డ్‌కి ముప్పై మూడు అంగుళాలుండాలి. మీవాడికి అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ."

"వాళ్ళ నాన్న చేతులవి. ఇరవై ఆరేళ్ళు ఓడల్లోంచి సరుకు దింపాడు. ఏ ఓడా పొట్టి చేతులని చెప్పి వెనక్కి పోలేదు."

"ఓడ వేరు, డ్రాఫ్ట్ వేరు."

"నాలుగేళ్ళు ఆ చేతుల్తోనే ఆడాడయ్యా! నేను ప్రతి ఆటా చూశా."

"అదే చిక్కు," అంది బెర్నడెట్ రిజిస్టరు లోంచి తలెత్తకుండా. "నాలుగో నియమం. ఆటగాణ్ని కళ్ళారా చూసినవాళ్ళ మాట పరిగణించం. పక్షపాతం వస్తుంది."

లొరేన్ పళ్ళెం వదిలేసింది. ఎర్ల్ తిన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె రిజిస్టరు అడిగి తీసుకుంది. చేపలు వేయించడం మధ్యలో, నూనె మరకలు పడకుండా పేజీల కింద గుడ్డ పరిచి, ముప్పై ఒక్క ఏళ్ళూ చదివింది. చివరికి బెర్నడెట్ దగ్గరికొచ్చి ఆరో నంబరు దరఖాస్తు కావాలంది.

ఆరో నంబరు అంటే పేరు తొలగింపు దరఖాస్తు. అంతకు ముందు అది ఒక్కసారే వాడుకలోకి వచ్చింది. పందొమ్మిదేళ్ళ కింద ఒక ఆటగాడు హఠాత్తుగా మతగురువుల బడిలో చేరిపోయాడు. (అయినా ఐదో విడతలో ఉంచాలని ఇద్దరు సభ్యులు ఓటు వేశారు.) దరఖాస్తులో కారణాలు నాలుగే: గాయం, అరెస్టు, దైవపిలుపు, ఇతరం. లొరేన్ "ఇతరం" దగ్గర గుర్తు పెట్టి, ఎదురుగా ఒకే మాట రాసింది: మీరు.

బెర్నడెట్ దాన్ని తిప్పి ఇచ్చింది. కారణం పూర్తి వాక్యంగా ఉండాలి. లొరేన్ అక్కడే నిలబడి రాసింది: "మీరు తీసుకుంటారని రాసినవాణ్ని జట్టు ఇంతవరకు తీసుకోలేదు."

నార్బర్ట్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"అంటే మేం ఎప్పుడూ తప్పేనంటావా లొరేన్?"

"నేనన్లేదు. మీ పుస్తకం అంటోంది."

"పుస్తకంలో ఉన్న తప్పులన్నీ జట్టువి," అంది బెర్నడెట్.

"సరే, అలాగే అనుకో. జట్టు చేత ఇంకొక్క తప్పు చేయించండి."

నార్బర్ట్ నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా, పద్నాలుగో నియమం ఉంది. పేరు తొలగిస్తే ఊరికే వదిలెయ్యం. 'జట్టు తీసుకోదు' అన్న జాబితాలో రాస్తాం. అది కూడా అంచనాయే. నీ చేతుల్తో నువ్వే నీ కొడుకు పేరు అక్కడ రాయించుకుంటావా?"

"ఆ జాబితాలో ఇంతవరకు ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కడే. ఆ గురువుగారు."

"ఆయన్ని ఏం చేశారో చదువు బెర్నడెట్."

బెర్నడెట్ పేజీ తిప్పింది. అతను రెండు వారాల్లో బడి మానేసి తిరిగొచ్చాడు. జట్టు అతన్ని ఆరో విడతలో తీసుకుంది. ఆ పొరపాటు కూడా నమోదై ఉంది.



"ముప్పై ఒక్క ఏళ్ళు మీరు ఏది రాసినా తిరగబడింది," అంది లొరేన్. "నేను వేరే ఏమీ అడగట్లేదు. వాణ్ని తీసుకోరని రాయండి, చాలు. పదకొండేళ్ళుగా చేపలు వేసి పెడుతున్నా. ఎప్పుడైనా ఒక ముక్క తక్కువ పెట్టానా?"

చర్చ గంటా పది నిమిషాలు సాగింది. తప్పవుతుందని తెలిసీ అంచనా వేయడం సంఘం ప్రతిష్ఠకు భంగమని నార్బర్ట్ వాదించాడు. ఇంతవరకు తెలియకుండానే వేశామని ఆయన ఉద్దేశం. ఓటింగ్‌లో తొలగించాలని నలుగురు, వద్దని ముగ్గురు. నలుగురిలో ఎర్ల్ చేతి పొడవు కారణంగా ఓటు వేశాడు. ఇద్దరు చేపల కారణంగా వేశారు. (నాలుగో ఓటు ఎవరిదన్నది నియమావళి ప్రకారం రహస్యం. నాది.)

బెర్నడెట్ ఎర్ర సిరాతో రాసింది: "గ్రాడీ మజురెక్, గార్డ్. జట్టు తీసుకోదు. ప్రతిపాదన: లొరేన్ మజురెక్." లొరేన్ ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు అందరికీ ఒక ముక్క ఎక్కువ పడింది.

డ్రాఫ్ట్ చివరి రోజు శనివారం. మధ్యాహ్నానికే నేలమాళిగలో టీవీ పెట్టాం. లొరేన్ రెండు ట్రేల నిండా క్యాబేజీ చుట్టలు చేసి తెచ్చింది, గ్రాడీ పేరు పిలిచాక తెరవాలని. నేలమాళిగలో ఫోన్ అందదు కాబట్టి గ్రాడీ బయట, వాళ్ళ నాన్న పాత ట్రక్కులో కూర్చున్నాడు. లొరేన్ ప్రతి పావుగంటకూ మెట్లెక్కి చూసి, దిగి వచ్చేది.

సంఘం మామూలుగానే పని చేసింది. మొదటి ఆరు విడతల్లో జట్టు ఆరు పొరపాట్లు చేసింది. ఐదో విడతలో ఒక కిక్కర్‌ను, అంటే బంతి తన్నడానికి మాత్రమే ఉండేవాణ్ని, తీసుకున్నప్పుడు లొరేన్ మాత్రమే చప్పట్లు కొట్టింది. సంఘం ఎంత తప్పితే ఆమెకు అంత ధైర్యం.

సాయంత్రం ఆరున్నరకు ఏడో విడతలో మా జట్టు వంతు వచ్చింది. వేదిక మీద మనిషి కార్డు తీసి, "గార్డ్" అన్నాడు. లొరేన్ ట్రే మీది మూత ఎత్తింది. ఆ మనిషి పేరు చదివాడు. టెక్సస్ కుర్రాడు. తెర మీద కొలతలు వచ్చాయి. చెయ్యి ముప్పై రెండున్నర అంగుళాలు.

ఎర్ల్ టేపును జేబులో పెట్టుకున్నాడు. లొరేన్ మూత మళ్ళీ పెట్టింది.

ఇరవై నిమిషాల్లో మిగతా జట్ల వంతులూ అయిపోయాయి. డ్రాఫ్ట్ ముగిసింది. బెర్నడెట్ పొరపాట్ల గడిలో రెండు వందల ఇరవై మూడు అని వేసి, పేజీ చివరిదాకా వేలితో చూసుకుంటూ వచ్చి, ఎర్ర సిరా దగ్గర ఆగింది.

"నార్బర్ట్."

"ఆ?"

"ఇది కరెక్టయింది."

నార్బర్ట్ లేచి వచ్చి చూశాడు. ఎర్ల్ వచ్చాడు. అందరం వచ్చాం. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టి, లొరేన్ వైపు చూసి ఆపేశారు. నార్బర్ట్ గంట వైపు నడిచాడు.

"నువ్వు కాదు," అంది బెర్నడెట్. ఆమె నియమాలను ఎన్నడూ దాటలేదు. "ప్రతిపాదించినవాళ్ళే కొట్టాలి. ఇరవయ్యో నియమం." తర్వాత గొంతు తగ్గించి, "లొరేన్, నీకు ఇష్టం లేకపోతే..." అని ఆపేసింది. ఇష్టం లేకపోతే ఏం చేయాలో నియమావళిలో లేదు.

లొరేన్ చేతులు తుడుచుకుని వచ్చి గంట కింద నిలబడింది. పైకి చెయ్యి చాపింది. అందలేదు. ఎర్ల్ స్టూలు కోసం వెళ్ళాడు.

అప్పుడే గ్రాడీ మెట్లు దిగి వచ్చాడు.

"పద మమ్మీ, ఇంటికెళ్దాం. ఫోన్ వచ్చింది."

లొరేన్ గిరుక్కున తిరిగింది. "ఎవరు?"

"కలప అడితి వాళ్ళు. సోమవారం నుంచి పనికి రమ్మన్నారు." అతను మా అందరి వైపు చూసి, పైనున్న గంట వైపు చూశాడు. "ఏంటిది? దీన్ని కొట్టాలా?"

వాళ్ళమ్మ తల ఊపింది. గ్రాడీ నిలబడిన చోట నుంచే చెయ్యి ఎత్తి గంట కొట్టాడు. తర్వాత ట్రేలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని మెట్లెక్కాడు. లొరేన్ తలుపు పట్టుకుంది.

ఎర్ల్ స్టూలు దించి, కొలతల పుస్తకం తెరిచి, మార్చి నాటి అంకె పక్కన రాసుకున్నాడు: చెయ్యి అందుతుంది.